పెత్తనం వదిలితేనే ప్రగతి



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడు, అందరూ రాసినట్టే "క్రమశిక్షణ" గురించో "కాలం విలువ" గురించో రాద్దామనుకున్నాను. రెండు పేజీలు రాసి చింపేశాను. ఆ మాటలు మీకు వార్డెన్ సారూ, బడిలో మాస్టార్లూ రోజూ చెబుతూనే ఉన్నారు. వాళ్ళు చెప్పని విషయం ఒకటి నా దగ్గర ఉంది. అది చెప్పాలంటే నా తప్పులు కొన్ని ఒప్పుకోవాలి. ఇన్నేళ్ళ తర్వాత ఒప్పుకోవడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అంతా నా చేతి కింద ఉండాలి, అంతా నేను అనుకున్నట్టే జరగాలి అనే బుద్ధి ఉన్నంతకాలం మనిషి ఎదగడు. దీన్ని మన ఊళ్ళలో పెత్తనం అంటారు. పెత్తనం అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన అమ్మా నాన్నలు దాని కింద నలిగినవాళ్ళే. అలాంటి మనమే, చేతికి చిన్న అధికారం రాగానే, తెలియకుండా పెత్తందారులమైపోతాం. నేను అయ్యాను.

గరిటె నా చేతిలో ఉన్న రోజులు

1990లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరాను. ఒక ట్రంకు పెట్టె, కంచం, గ్లాసు, జంపఖానా, దుప్పటి ఇచ్చారు. పెట్టెకు తాళం మాత్రం మా నాయన సంతలో కొని పెట్టాడు. ఆ తాళం చెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాణ్ణి. పెట్టెలో ఉన్నది రెండు జతల బట్టలు, ఒక సబ్బు, అమ్మ కట్టిచ్చిన అరిసెలు. అయినా ఆ తాళం చెవి ముట్టుకుంటే ధైర్యంగా ఉండేది. ఎందుకంటే అది తప్ప నా ఇష్టప్రకారం జరిగేది ఇంకేమీ లేదు. లేవడం గంట ప్రకారం, తినడం గంట ప్రకారం, పడుకోవడం గంట ప్రకారం. ఎప్పుడు ఇంటికి పోవాలో నా చేతిలో లేదు. ఇంటి దగ్గర అమ్మకు జ్వరం వస్తే నాకు తెలిసేది వారం తర్వాత.

పదో తరగతికి వచ్చేసరికి నన్ను మెస్ లీడరుగా పెట్టారు. హాజరు నేనే తీసేవాణ్ణి. స్టడీ అవర్ గంట నేనే కొట్టేవాణ్ణి. పప్పు గరిటె నా చేతిలోనే ఉండేది. స్టోరు గదిలో ఏ మూట ఎక్కడుందో వార్డెన్ సారుకంటే నాకే బాగా తెలుసు. నా తోటివాళ్ళెవరైనా "ఈ పూట మేం వడ్డిస్తాం" అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు. వాళ్ళకు చేతకాదనే నమ్మకం. నిజంగా అది నమ్మకమా, లేక వాళ్ళకు చేతనైతే నా అవసరం ఉండదనే భయమా అని అప్పుడు ఆలోచించలేదు.

ఒకరోజు ఉదయం ఆరో తరగతి పిల్లవాడొకడు టిఫిన్ లైను అయిపోయాక వచ్చాడు. ఉప్మా ఇంకా ఉంది. అయినా పెట్టలేదు. "లేటుగా వస్తే లేదు, రూలు రూలే" అన్నాను. వాడు ఏమీ అనలేదు, ఖాళీ కంచం పట్టుకుని నిలబడ్డాడు. వరండాలో బడి గంట కొట్టేదాకా నిలబెట్టాను. ఆ పిల్లవాడు రాత్రి పక్క తడిపాడనీ, ఎవరూ చూడకుండా దుప్పటి ఉతుక్కుని ఆరేసి వచ్చేసరికి ఆలస్యమైందనీ వారం తర్వాత కమాటి చెబితే తెలిసింది. అప్పటికీ నేను వాణ్ణి పిలిచి మాట్లాడలేదు. లీడరు వెనక్కి తగ్గితే మాట చెల్లదనుకున్నాను.

ఆ తమ్ముడు ఇప్పుడు నలభై దాటినవాడై ఉంటాడు. ఈ సంచిక చేతికి వచ్చి చదువుతున్నట్టయితే, తమ్ముడూ, తప్పు నాది. ఆ పూట నీకు పెట్టని ఉప్మా నాకు ఇప్పటికీ గుర్తుంది. నన్ను క్షమించు.

"నువ్వు లేకపోయినా అన్నం ఉడికింది"

ఆ ఏడాది సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు నాకు పచ్చకామెర్లు వచ్చాయి. ఇరవై రోజులు మంచం దిగలేదు. ఒంట్లో బాధకంటే, హాస్టల్లో ఏమైపోతోందో అనే బెంగ ఎక్కువగా ఉండేది. గంట ఎవరు కొడుతున్నారు? చిన్నపిల్లలు స్టడీ అవర్లో నిద్రపోతున్నారేమో? పప్పు అందరికీ చాలుతోందా?

తిరిగి వచ్చేసరికి ఏం చూశానో చెబుతాను. రోజుకో గది వాళ్ళు వంతు ప్రకారం వడ్డిస్తున్నారు. వంతుల పట్టిక ఒక నోటు పుస్తకం అట్ట మీద రాసి మేకుకు తగిలించారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళకు ఒక గిన్నెలో తీసి మూత పెడుతున్నారు. స్టడీ అవర్ గంట కొడుతున్నది ఎవరనుకున్నారు? నేను వరండాలో నిలబెట్టిన ఆ ఆరో తరగతి పిల్లవాడే. ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా కొడుతున్నాడట.

వంటగదిలోకి వెళ్ళి నిలబడ్డాను. వంట చేసే అవ్వ నన్ను చూసి నవ్వి, "నువ్వు లేని ఇరవై రోజులూ కూడా అన్నం ఉడికింది నాయనా" అంది. ఆమె వేళాకోళానికే అంది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

ఇక గరిటె అడగడానికి మొహం చెల్లలేదు. చేతిలో పనిలేక స్టడీ అవర్లో నిజంగా పుస్తకం తెరిచాను. అంతకు ముందు నేను స్టడీ అవర్లో చదివింది తక్కువ, ఎవడు చదవడం లేదో చూస్తూ తిరిగింది ఎక్కువ. ప్రీఫైనల్లో లెక్కల్లో నాకు 28 వచ్చాయి. లీడరుగా ఉన్నన్నాళ్ళూ లెక్కలు రావని ఒప్పుకోలేక, మా గదిలోనే లెక్కల్లో దిట్ట అయిన మిత్రుణ్ణి ఏనాడూ అడగలేదు. ఇప్పుడు లీడరుగిరీ పోయింది కాబట్టి సిగ్గు కూడా పోయింది. రోజూ రాత్రి వాడి పక్కన కూర్చుని చెప్పించుకున్నాను. పబ్లిక్ పరీక్షల్లో 64 వచ్చాయి. నా జీవితంలో నేను సాధించిన మొదటి ప్రగతి, పెత్తనం చెయ్యి జారిపోయాక వచ్చింది.

ఈ బుద్ధి మనకెలా వస్తుంది?

మనలాంటివాళ్ళలో ఈ బుద్ధి ఎక్కువగా ఉండటానికి కారణం ఉందని నా అభిప్రాయం. చిన్నప్పటి నుంచి మన చేతుల్లో ఏదీ లేదు. పని దొరకడం, కూలి రేటు, రేషన్ వచ్చే రోజు, సొంత ఊళ్ళో ఏ వీధిలో నడవాలి అనేది కూడా మరొకరు నిర్ణయించినవే. అలా పెరిగినవాడికి ఏదైనా చేతికి చిక్కితే, దాన్ని వదిలితే మళ్ళీ దొరకదనే భయం పట్టుకుంటుంది. పెట్టె తాళం పట్టుకున్నట్టే పదవినీ పట్టుకుంటాడు, డబ్బునూ పట్టుకుంటాడు, చివరికి మనుషులనూ పట్టుకుంటాడు.

ఆ భయం తప్పు కాదు. ఒకప్పుడు అదే మనల్ని కాపాడింది. కానీ ఆకలిగా ఉన్నప్పుడు రొట్టె దాచుకున్నవాడు, కడుపు నిండాక కూడా దాచుకుంటూ పోతే అది బూజు పడుతుంది. మొదట్లో కాపు కాసిన అలవాటే తర్వాత కట్టుతాడు అవుతుంది.

తమ్ముళ్ళారా, మీలో చాలామందికి ఇది మూడు చోట్ల అడ్డం వస్తుంది.

మొదటిది చదువులో. క్లాసులో డౌటు అడగాలంటే "నాకు రాదు" అని నలుగురిలో ఒప్పుకోవాలి. మన గురించి అవతలివాళ్ళు ఏమనుకోవాలో కూడా మనమే నిర్ణయించాలనుకునేవాడు అడగలేడు. ఇంగ్లీషు విషయంలో ఇది మరీ ఎక్కువ. తప్పు వస్తే నవ్వుతారని నోరు మూసుకుంటాం. తప్పుల్లేకుండా వచ్చాకే మాట్లాడదామనుకుంటాం. నీళ్ళలో దిగకుండా ఈత ఎలా వస్తుంది? అవతలివాడి నవ్వు మన చేతిలో లేదు. మన నోరు మన చేతిలో ఉంది. నవ్విన నాపచేనే పండుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

రెండోది పరీక్షల్లో. బి.ఎడ్. అయ్యాక వచ్చిన మొదటి డీఎస్సీకి అప్లికేషన్ కొని కూడా నేను పరీక్ష రాయలేదు. సిలబస్ మొత్తం నోటికి వచ్చాకే రాయాలి, రాస్తే రావాలి, రాకపోతే ఊళ్ళో పరువు పోతుంది అనుకున్నాను. ఓడిపోకుండా నన్ను నేను కాపాడుకున్నాననుకున్నాను గానీ, నిజానికి రాయకుండానే ఓడిపోయాను. నాతో చదివి నాకంటే తక్కువ మార్కులు వచ్చినవాడు ధైర్యంగా రాశాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు. నాకు వచ్చింది తర్వాతి డీఎస్సీలో. వాడికి సీనియారిటీ దక్కింది, నాకు పాఠం దక్కింది.

పోటీ పరీక్షలు రాసే మిత్రులకు ఇంకొక మాట. తెలంగాణలో 2022 ఏప్రిల్లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాలు లీకయ్యాయని 2023 మార్చిలో దాన్ని రద్దు చేశారు. జూన్లో మళ్ళీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి జూన్ 9న ప్రిలిమ్స్ జరిపారు. అంటే రెండేళ్ళలోపు మూడు ప్రిలిమ్స్. గది అద్దె కట్టుకుంటూ, పెళ్ళీ ఇల్లూ వాయిదా వేసుకుంటూ చదివినవాళ్ళ బాధ మాటల్లో చెప్పలేం. అందులో ఏది వాళ్ళ చేతిలో ఉంది? నోటిఫికేషన్ తేదీ కాదు, లీకు కాదు, కోర్టు తీర్పు కాదు. అన్యాయం మీద కోపం రావడం సహజం, అడగడం హక్కు. కానీ రోజంతా వార్తలూ పుకార్లూ చూస్తూ, "ఉంటుందా ఉండదా" అని లెక్కలు కట్టినవాడు ఆ రెండేళ్ళూ చదువు పోగొట్టుకుంటాడు. రోజుకు ఇన్ని గంటలు అని తన చేతిలో ఉన్నదాన్ని పట్టుకున్నవాడు, ఆ ఉద్యోగం రాకపోయినా ఇంకో పరీక్షకు పనికొచ్చే చదువు మిగుల్చుకుంటాడు.

మూడోది అన్నింటికంటే కష్టమైనది. అది ఇంట్లో.

మా తమ్ముడి కథ

నాకు ఉద్యోగం వచ్చాక మా తమ్ముణ్ణి చదివించే బాధ్యత నాదే అయింది. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. వాడికి చిన్నప్పటి నుంచి పనిముట్లంటే ఇష్టం. పాత రేడియో దొరికితే విప్పి మళ్ళీ బిగించేదాకా అన్నం తినేవాడు కాదు. ఐ.టి.ఐ.లో చేరతానన్నాడు. నేను ఒప్పుకోలేదు. "నేను పడ్డ కష్టం నువ్వు పడకూడదు, ఇంజనీరువి కావాలి" అని టౌన్లో ఎం.పి.సి.లో చేర్పించాను. ఫీజు కట్టాను, గది కుదిర్చాను, టైంటేబుల్ నేనే రాసి గోడకు అంటించాను. ఆదివారం ఆదివారం వెళ్ళి నోట్సు తనిఖీ చేసేవాణ్ణి. నేను చేస్తున్నది ప్రేమ అనుకున్నాను. పాత పప్పు గరిటె మళ్ళీ చేతిలోకి వచ్చిందని గ్రహించలేదు.

రెండో సంవత్సరం మధ్యలో చెప్పకుండా హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే షాపులో పనికి కుదిరాడు. నేను కోపంతో "వాడు నా గుమ్మం తొక్కకూడదు" అన్నాను. రెండేళ్ళు మాటల్లేవు. అమ్మ మధ్యలో నలిగిపోయింది. పండక్కి ఒక కొడుకు వస్తే ఇంకొక కొడుకు రాడు.

అప్పుడొకసారి మా నాయన నన్ను కూర్చోబెట్టాడు. ఆయన చదువుకున్నవాడు కాదు. ఎడ్లబండి బాడుగకు తోలి మమ్మల్ని సాకినవాడు. "ఒరేయ్, వాగు దాటేటప్పుడు పగ్గాలు బిగబట్టావనుకో, ఎద్దు తల పైకెత్తి బండిని బురదలోకి లాగుద్ది. అక్కడ పగ్గం వదులు చెయ్యాలి. దారి ఎద్దుకు తెలుసు. నీ పని బండి మీద కూర్చోవడమే" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. తమ్ముడి పేరు కూడా ఎత్తలేదు.

వెతుక్కుంటూ షాపుకు వెళ్ళాను. వాడు ఒక ఫ్రిజ్ వెనక కూర్చుని పని చేసుకుంటున్నాడు. లేచి, చేతులు తుడుచుకుని, టీ తెప్పించాడు. చాలాసేపటికి అన్నాడు: "అన్నా, నాకు ఫీజులన్నీ కట్టావు. నాకేం కావాలో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు."

నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు వాడికి సొంత షాపు ఉంది, ఇద్దరికి పని ఇచ్చాడు. నాకంటే ఎక్కువే సంపాదిస్తున్నాడు. కానీ ఈ కథ సుఖాంతం అని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యను. ఆ రెండేళ్ళు తిరిగి రాలేదు. నా బలవంతం లేకపోతే ఐ.టి.ఐ. సర్టిఫికెట్ ఉండేది, ఏ పెద్ద కంపెనీలోనో మంచి ఉద్యోగం వచ్చేదేమో. ఇప్పటికీ వాడు నాతో మాట్లాడేటప్పుడు కొంచెం జాగ్రత్తగా మాట్లాడతాడు. అది నేను సంపాదించుకున్నదే.

అయితే తల వంచుకుని బతకమనా?

ఇక్కడ మీలో ఆలోచించేవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. "పట్టు వదలండి, జరిగేది జరుగుతుంది అని చెబితే అది తలరాత సిద్ధాంతమే కదా? తరతరాలుగా మనకు చెప్పింది అదే కదా?"

కాదు. ఈ తేడా బాగా అర్థం చేసుకోవాలి. పెత్తనం వదలడం వేరు, హక్కు వదలడం వేరు. అన్నంలో పురుగులు వస్తే అడగాలి. స్కాలర్‌షిప్ ఆగిపోతే అర్జీ పెట్టాలి. ఎవడైనా కులం పేరుతో మాట అంటే ఊరుకోకూడదు. అడగడం మన చేతిలో ఉన్న పని. మన చేతిలో ఉన్న పనిని వదిలిపెట్టడాన్ని సోమరితనం అంటారు. మన చేతిలో లేనిదాన్ని గుప్పిట్లో పెట్టుకోవాలనుకోవడాన్ని పెత్తనం అంటారు. రెండూ నష్టమే. దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట రోమ్ సామ్రాజ్యంలో ఎపిక్టెటస్ అనే ఆయన కూడా మొదట ఈ తేడానే నేర్చుకోమని శిష్యులకు బోధించాడు. ఆయన రాజూ కాదు, జమీందారూ కాదు. బానిసగా పుట్టి, తర్వాత విముక్తి పొంది గురువైనవాడు. అందుకే ఆయన మాటకు విలువ ఇస్తాను.

మన ఇంటి ఉదాహరణే చూద్దాం. నాసిక్‌లో కాలారామ్ గుడి ప్రవేశం కోసం బాబాసాహెబ్ అంబేడ్కర్ నాయకత్వంలో 1930 మార్చిలో సత్యాగ్రహం మొదలైంది. ఏళ్ళ తరబడి సాగింది. దెబ్బలు తిన్నారు, జైళ్ళకు వెళ్ళారు. గుడి తలుపు తెరుచుకోలేదు. 1935 అక్టోబరులో యేవలా సభలో ఆయన ఆ సత్యాగ్రహాన్ని ఇక ఆపమని తన వాళ్ళకు చెప్పారు. అది ఓటమా? తలుపు తెరవడం, తెరవకపోవడం అవతలివాడి చేతిలో ఉంది. ఆ తలుపు ముందే జీవితమంతా నిలబడితే మన జీవితం కూడా వాడి చేతిలోనే ఉన్నట్టు. ఆయన ఆత్మగౌరవాన్ని వదల్లేదు, ఆ తలుపును వదిలారు. ఆ శక్తిని మన చేతిలో ఉన్న పనుల మీదకు మళ్ళించారు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించారు, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ మొదలుపెట్టారు. ఒక తలుపు తెరుచుకోకపోతే వేరే తలుపులు కట్టించారన్నమాట. పట్టూ విడుపూ రెండూ తెలిసినవాడంటే అలా ఉంటాడు.

మన రాష్ట్రంలోనే ఇంకొక మనిషి ఉన్నారు. ఎస్.ఆర్. శంకరన్ గారు. సాంఘిక సంక్షేమ శాఖ చూసిన ఐ.ఎ.ఎస్. అధికారి. వెట్టిచాకిరీ నిర్మూలనకు, మనలాంటి పిల్లల చదువులకు ఆయన చేసిన కృషి హాస్టల్లో చదివే ప్రతివాడూ తెలుసుకోవాలి. పదవీ విరమణ తర్వాత 1997లో ఏర్పడిన పౌర స్పందన వేదికకు నాయకత్వం వహించి, ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య మాటలు జరగాలని ఏళ్ళ తరబడి తిరిగారు. 2004 అక్టోబరులో చర్చలు జరిగాయి. కొద్ది నెలల్లోనే అవి విఫలమయ్యాయి. ఫలితం ఆయన చేతిలో లేదు. అయినా ఆయన ఇంట్లో కూర్చోలేదు. చేత్తో మలం ఎత్తే పాకీపని పోవాలని పోరాడే సఫాయి కర్మచారుల పక్కన నిలబడ్డారు. 2010లో కన్నుమూసేదాకా ఆ పని వదల్లేదు. ఇంత అధికారం చూసిన మనిషి అధికారం కోసం పాకులాడకుండా ఉండగలిగితే, పప్పు గరిటె కోసం నేను పడిన తాపత్రయం తలచుకుంటే నవ్వొస్తుంది.

మీ వయసు పిల్లల ఉదాహరణ కావాలంటే మాలావత్ పూర్ణ ఉంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, పద్నాలుగేళ్ళు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. తోటి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఆమెతో పాటు ఎక్కాడు. కొండ మీద గాలి, మంచు ఎవరి మాటా వినవు. ఎక్కేవాడు చేయగలిగింది ఒళ్ళు సిద్ధం చేసుకోవడం, తాడు సరిగా కట్టుకోవడం, గాలి తగ్గేదాకా ఓపిక పట్టడం, తగ్గగానే అడుగు వేయడం. గాలిని శాసించాలనుకున్నవాడు కొండ కింద కూడా నిలబడలేడు.

ఏం చెయ్యాలి?

ఉపదేశాలు ఎక్కువైతే మీరు పేజీ తిప్పేస్తారని తెలుసు. అందుకే నేను చేసి చూసినవి మాత్రం చెబుతాను.

1. రాత్రి పడుకోబోయే ముందు ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఒక పక్క మీ చేతిలో ఉన్నవి, ఇంకో పక్క లేనివి రాయండి. రేపటి పరీక్షకు రెండు పాఠాలు చదవడం మీ చేతిలో ఉంది. ప్రశ్నపత్రం ఎలా వస్తుందో లేదు. రెండో పక్క ఉన్నవాటి మీద ఆ రాత్రి ఇక ఆలోచించనని మీకు మీరే మాట ఇచ్చుకోండి.

2. రోజుకొక్క డౌటు అడగండి. మాస్టారిని అడగలేకపోతే పక్కవాణ్ణి అడగండి. అవసరమైతే కింది తరగతి వాణ్ణి అడగండి. 2020లో బడులు మూతపడి ఆన్‌లైన్ పాఠాలు వచ్చినప్పుడు నాకు ఫోన్లో క్లాసు పెట్టడం చేతకాలేదు. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె నేర్పింది. "సార్, అది కాదు సార్, ఇది నొక్కండి" అని మూడు రోజులు చెప్పింది. పాత లీడరునే అయ్యుంటే అడిగేవాణ్ణీ కాదు, నేర్చుకునేవాణ్ణీ కాదు.

3. లీడరుగా ఉన్నవాళ్ళు నెలకొకసారి మీ పని ఇంకొకరికి ఇచ్చి పక్కన నిలబడండి. వాడు తప్పు చేస్తే వెంటనే లాక్కోకండి. మొదటి రోజు మీరూ తప్పులే చేశారు. మీరు లేకపోయినా పని నడిచేలా చేసినవాడే నిజమైన లీడరు. మీరు లేకపోతే ఆగిపోయేలా చేసినవాడు పెత్తందారు.

4. ఎవరినైనా శిక్షించే ముందు "ఎందుకు ఆలస్యమైంది?" అని ఒక్క మాట అడగండి. నేను అడగని మాట అది.

పూర్వ విద్యార్థి మిత్రులకు కూడా ఒక విన్నపం. మనలో చాలామందికి ఇప్పుడు పిల్లలు ఉన్నారు. మనం పొందలేనివన్నీ వాళ్ళకు ఇస్తున్నాం, మంచిదే. కానీ మనం కాలేకపోయినవన్నీ వాళ్ళు కావాలని ఒత్తిడి పెడుతున్నామేమో చూసుకోండి. అలాగే మనం హాస్టలుకు చేసే సాయం విషయం. ఫ్యాన్లు ఇస్తున్నాం, పుస్తకాలు ఇస్తున్నాం. ఇచ్చాక "మేం చెప్పినట్టే జరగాలి" అనకుండా, పిల్లలకు ఏం కావాలో ముందు వాళ్ళనే అడుగుదాం. కిందటిసారి నేను వచ్చినప్పుడు ఒక పిల్లవాడు "సార్, స్టేజీ మీద మాట్లాడేవాళ్ళు వద్దు, రాత్రిపూట లెక్కలు చెప్పేవాళ్ళు కావాలి" అన్నాడు. మన సన్మానాలకంటే వాడికి ఏం కావాలో వాడికి బాగా తెలుసు.

చివరిగా

మా రోజుల్లో హాస్టల్ వెనక బావి ఉండేది. పాతవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నేను కొత్తగా చేరినప్పుడు నీళ్ళు తోడటం రాదు. చేద ఎక్కడ పడిపోతుందో అనే భయంతో తాడు రెండు చేతులా బిగించి పట్టుకునేవాణ్ణి. చేద నీళ్ళదాకా దిగేదే కాదు, గాలిలోనే ఊగుతూ ఉండేది. కాపలా తాత వచ్చి, "వదలరా, వదిలితేనే కదా మునిగేది. కొస మాత్రం చేతిలో ఉంచుకో" అన్నాడు. తాడు మొత్తం వదిలేస్తే చేద బావిలోనే ఉండిపోతుంది. అసలు వదలకపోతే ఖాళీగా తిరిగి వస్తుంది.

నాకు ఈ రోగం పూర్తిగా నయమైందని చెప్పను. ఈ వ్యాసం పంపిస్తూ కూడా ఒక్క మాట మార్చకూడదని కమిటీ వాళ్ళకు చెబుదామనుకున్నాను. చెప్పలేదు. మీకు ఎలా మంచిదనిపిస్తే అలా వేసుకోండి.

హాస్టల్లో ఉన్న ప్రతి తమ్ముడూ తన చేతిలో ఉన్న కొసను గట్టిగా పట్టుకుని, మిగతా తాడును ధైర్యంగా వదిలి, నిండు చేదతో ఇంటికి పోవాలని కోరుకుంటూ,

మీ
పాత మెస్ లీడరు
(1995 పదో తరగతి బ్యాచ్)